రాణిగంజ్ హోనింగ్ గైడ్: చిన్న బ్లేడ్ల పదునుకు ఎంతవరకు పనికొస్తుంది?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చేతి పనిముట్ల షాపుకెళ్ళి "ఉలి సాన పట్టే గైడ్" అని అడిగితే, అరచేతిలో ఇమిడే ఒక అల్యూమినియం వస్తువు తీసి బల్ల మీద పెడతారు. కింద ఒకటే చక్రం, పైన రెండు దవడలు, వాటిని దగ్గరకు లాగే స్క్రూ ఒకటి. అట్టపెట్టె మీద ఒకసారి ఒక పేరుంటుంది, ఇంకోసారి ఇంకో పేరు, ఒక్కోసారి ఏ పేరూ ఉండదు. లోపలి సరుకు మాత్రం ఒక్కటే. ఇంగ్లండ్‌లో ఎక్లిప్స్ 36 పేరుతో పాతకాలం నుంచి ఉన్న గైడ్‌కు ఇది నకలు. వెయ్యి రూపాయల లోపే వస్తుంది.

కొనదగ్గదే. కానీ పెట్టె విప్పి నేరుగా రాయి మీద పెట్టేది కాదు. ఆకురాయి పట్టుకుని దాని మీద ఓ అరగంట పని చేస్తే గానీ దవడలు బ్లేడును సమంగా పట్టవు. ఆ అరగంట పెట్టినవాళ్ళకు రందా బ్లేడు, బ్లాక్ ప్లేన్ (ఒంటి చేత్తో పట్టే చిన్న రందా) బ్లేడు, అరంగుళం పైబడిన ఉలులు ఎన్నిసార్లు సాన పట్టినా అదే కోణంలో పదునెక్కుతాయి. పెట్టనివాళ్ళకు అంచు వంకరపోయి డబ్బు దండగనిపిస్తుంది. స్పోక్‌షేవ్ (వంపు చెక్కలు నునుపు చేసే రెండు పిడుల పనిముట్టు), రౌటర్ ప్లేన్ (గాడి అడుగు చదును చేసే రందా) లాంటి వాటి కురచ బ్లేడ్ల దగ్గర మాత్రం గైడ్ చేతులెత్తేస్తుంది. వాటి ఏర్పాటు వేరు, అదీ కిందే ఉంది.

ముందు దవడలు. ఒక్కో దవడ లోపలి వైపు రెండు చోట్లు ఉంటాయి. పైన చిన్న మెట్టు, అది వెడల్పాటి రందా బ్లేడుకు. దాని కింద వి ఆకారపు గాడి, అది ఉలికి. పక్కలు పలచగా దిగిన ఉలి ఆ గాడిలో రెండు వైపులా ఇరుక్కుని నిలబడాలి. ఇది పోత పోసిన వస్తువు కాబట్టి గాడి మూలల్లో పోత గరుకులు, పెయింటు గడ్డలు మిగిలిపోతాయి. ఆవగింజలో సగం గడ్డ ఉన్నా చాలు, ఉలి ఒక పక్క లేచి కూర్చుంటుంది. మనం మాత్రం అంచు అడ్డంగా తిన్నగా వస్తోందనుకుని గీకుతూ ఉంటాం. చివరికి గునియా పెట్టి చూస్తే ఒక మూల అర మి.మీ. పొట్టిగా తేలుతుంది.

సన్న పళ్ళ ముక్కోణపు ఆకురాయితో రెండు గాడుల లోపలి మూలలూ శుభ్రం చేయండి. లోహం తగ్గించడం కాదు, గడ్డలు తీయడమే పని. నాలుగైదు తోపులకు పెయింటు పోయి తెల్లటి అల్యూమినియం బయటపడుతుంది. అక్కడ ఆగి ఉలి బిగించి, కిటికీ వైపు ఎత్తి ఉలి పక్కకూ గాడికీ మధ్య చూడండి. వెలుగు గీత కనిపించిన చోట ఇంకా గడ్డ ఉన్నట్టు. తర్వాత రందా బ్లేడు పై మెట్ల మీద పెట్టి ఎదురుమూలల్లో వేలితో నొక్కండి. బ్లేడు టకటకమని ఊగితే రెండు మెట్లు ఒక ఎత్తులో లేవు. ఎత్తుగా ఉన్న మెట్టును చదును ఆకురాయితో కొంచెం కొంచెంగా దించాలి. ఊగడం ఆగాక ఇంకో తోపు కూడా వేయొద్దు.

స్క్రూను వేళ్ళతో బిగించి వదిలేయకండి. స్క్రూడ్రైవర్‌తో ఒక పావు తిప్పు వేయాలి. వేళ్ళ బిగింపుకు పది లాగుళ్ళలోనే బ్లేడు జరుగుతుంది, కోణం మారిపోతుంది. చక్రం ఇరుసుకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. గ్రీజు పూస్తే రాతి పొడి అతుక్కుని చక్రం బిగుసుకుపోతుంది. తిరగని చక్రం రాయి మీద ఈడ్చుకుపోయి ఒక పక్క చదునుగా అరుగుతుంది. ఆ తర్వాత ఆ గైడ్ ప్రతి లాగుడుకూ ఎగిరి పడుతుంది, దానికి మందు లేదు.

మన బజారు ఉలులతో ఒక చిక్కుంది. చవక రకం ఉలుల్లో చాలా వాటికి పక్కలు నిటారుగా, మందంగా ఉంటాయి. వి గాడి పలచని పక్కల కోసం చేసింది కాబట్టి ఇవి అందులో దిగవు. ఉలి వెడల్పు చాలితే పై మెట్టు మీద పెట్టి, రందా బ్లేడు కొలతే వాడుకోవచ్చు. 6 మి.మీ., అంతకంటే సన్న ఉలులను మాత్రం గైడ్‌లో పెట్టకపోవడమే మేలు. అంచు చక్రం కంటే సన్నగా ఉన్నప్పుడు గైడ్ పక్కలకు ఒరుగుతుంది, అంచు ఏటవాలుగా తయారవుతుంది.

ఇక కొలతలు. గైడ్ ముందు అంచు నుంచి బ్లేడు మొన ఎంత బయటకు వచ్చిందన్న దాన్ని బట్టే కోణం. రందా బ్లేడు 50 మి.మీ. బయటికి ఉంటే 25 డిగ్రీలు, 38 మి.మీ. అయితే 30 డిగ్రీలు. ఉలి గాడిలో కాస్త కిందకు కూర్చుంటుంది కనుక దాని లెక్క వేరు: 40 మి.మీ.కు 25, 30 మి.మీ.కు 30. ఒక మి.మీ. అటూ ఇటూ అయితే దాదాపు అర డిగ్రీ తేడా వస్తుంది. ఆ అర డిగ్రీ వల్ల చెక్కకొచ్చే నష్టమేమీ లేదు. కానీ నిన్న 38, నేడు 36 అయితే ప్రతిసారీ వాలు, అంటే మొన దగ్గర ఏటవాలుగా అరగదీసిన ముఖం, మొత్తం మళ్ళీ గీకాల్సి వస్తుంది. అందుకని స్కేలుతో కొలవడం మానేసి ఒక పలక చేసుకోండి. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క తీసుకుని, దాని అంచు నుంచి 30, 38, 40, 50 మి.మీ. దూరాల్లో నాలుగు చిన్న చెక్క దిమ్మెలు జిగురుతో అతికించి మేకు కొట్టండి. గైడ్‌ను పలక అంచుకు ఆనించి, బ్లేడును దిమ్మెకు తగిలేదాకా జరిపి, స్క్రూ బిగిస్తే సరి. గైడ్ కంటే ఈ పలకే ఎక్కువ పని చేస్తుందంటే అతిశయోక్తి కాదు.

ఏ కోణం పెట్టాలన్నది ఇష్టాన్ని బట్టి ఉండదు. మామూలు రందాలో బ్లేడు 45 డిగ్రీల మీద, వాలు కిందికి ఉండేలా కూర్చుంటుంది. వాలు 30 డిగ్రీలుంటే చెక్కకూ వాలుకూ మధ్య 15 డిగ్రీల సందు మిగులుతుంది. చేతి ఊపులో పదును పెడుతూ పెడుతూ వాలు 36, 37కు చేరిందనుకోండి, సందు 8, 9 డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు అంచు వెంట్రుక కోసేంత పదునున్నా రందా చెక్క మీద జారుతుంది తప్ప దిగదు. "బ్లేడు బాగానే ఉంది, రందాలోనే ఏదో లోపం" అని తిట్టుకోవడం మొదలయ్యేది ఇక్కడే. బ్లాక్ ప్లేన్‌లో వాలు పైకి ఉంటుంది, బ్లేడు 12 లేదా 20 డిగ్రీల మీద కూర్చుంటుంది. సందు బ్లేడు కూర్చునే ఆ కోణమే కాబట్టి వాలు పెంచినా ఈ ఇబ్బంది రాదు.

గైడ్ కోణం మాత్రమే పట్టుకుంటుంది. కోసేది రాయి. అందుకే గైడ్‌తో పాటు షాపువాళ్ళు చేతిలో పెట్టే రెండు వైపుల నల్ల నూనె రాయి గురించీ చెప్పుకోవాలి. అది చెడ్డది కాదు, కానీ కొత్తదే సమతలంగా ఉండదు, పైగా నడుమ త్వరగా గుంటపడుతుంది. గుంటపడిన రాయి మీద బ్లేడు వీపు, అంటే వాలుకు ఎదురు వైపు, ఎన్నటికీ చదునుకాదు. పెన్సిల్‌తో రాయి మీద అడ్డం నిలువు గీతలు గీసి, గాజు పలక మీద పరిచిన గరుకు వాటర్ పేపర్ మీద రుద్ది చూడండి. నడుమ గీతలు చెరగకుండా మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టే.

అదే డబ్బుకు కొంచెం కలిపి 400, 1000 గరుకు నంబర్లు (నంబరు పెరిగితే నునుపు ఎక్కువ) చెరో వైపు ఉండే డైమండ్ పలక తీసుకోవడం నయం. అది గుంటపడదు, నీళ్ళలో నానబెట్టే పని లేదు. కొనేటప్పుడు ఒక స్టీల్ స్కేలు పక్కవాటంగా నిలబెట్టి వెలుతురులో చూడండి. కింద వెలుగు సన్నగా కారితే అది వద్దు, ఇంకొకటి అడగండి. కొత్తలో పైకి లేచి ఉన్న వజ్రపు రవ్వల వల్ల 1000 వైపు కూడా లోతైన గీతలు వేస్తుంది. పది పన్నెండు బ్లేడ్లయ్యాక నునుపెక్కుతుంది. గట్టిగా అదమకండి, అదిమితే రవ్వలు ఊడిపోతాయి. గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసిన నీళ్ళు చిలకరించుకుంటే చాలు.

డైమండ్ పలక కూడా వద్దనుకుంటే 8 లేదా 10 మి.మీ. ఫ్లోట్ గ్లాసు ముక్క ఉంది. మీ వీధి గాజు షాపులో కోత మిగులుగా దొరుకుతుంది, పక్కలు రుద్దించి తెచ్చుకోండి. నల్ల వాటర్ పేపర్ ఒక షీటును మూడు పొడవు పట్టీలుగా కోసి, గాజు తడిపి పరిస్తే అదే అతుక్కుంటుంది. 400, 800, 1500, 2000 అన్న వరసలో వెళ్ళాలి. పేపర్ మీద బ్లేడును వెనక్కి లాగడమే, ముందుకు తోస్తే మొన కాగితంలో దిగి చింపేస్తుంది. ఇది మొదట్లో చవక. వారానికి నాలుగైదు బ్లేడ్లు సాన పట్టే కార్ఖానాలో ఏడాది తిరిగేసరికి కాగితాల ఖర్చు డైమండ్ పలకను దాటిపోతుంది.

అసలు పని వీపుతో మొదలవ్వాలి. బ్లేడు వీపు మొత్తం అక్కర్లేదు, మొన నుంచి 10, 15 మి.మీ. మేర చాలు. అక్కడ ఫ్యాక్టరీ గీతలన్నీ పోయి ఒకే మెరుపు రావాలి. ఒక బ్లేడుకు ఇది జీవితంలో ఒక్కసారి చేసే పని, తొందరపడకండి. తర్వాత వాలు మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూసి, గైడ్‌లో బిగించి, 400 మీద నాలుగు లాగుళ్ళు లాగి చూడండి. నలుపు మొన దగ్గర చెరిగితే కోణం సరిపోయింది. మడమ దగ్గర, అంటే వాలు వెనక చివర, మాత్రమే చెరిగితే మీరు గంటసేపు గీకినా మొన తాకరు.

ఎప్పుడు ఆపాలో చెప్పేది అంచు వెనక లేచే రేకు. లేత్ పనివాళ్ళు దాన్ని బర్ అంటారు. కంటికి కనిపించదు. బొటనవేలి గోటిని వీపు మీద నుంచి మొన బయటకు జార్చండి, చివర్లో సన్నగా గీరుకుంటుంది. ఎడమ మూల నుంచి కుడి మూల దాకా అంతటా గీరుకోవాలి. ఎక్కడైనా నునుపుగా జారిందంటే ఆ చోట మొన ఇంకా మొద్దుగానే ఉంది. రేకు అంతటా వచ్చాక 400 మీద ఇంకో లాగుడు కూడా దండగే, 1000 వైపు తిప్పి 20, 25 లాగుళ్ళు చాలు. గైడ్ నుంచి తీసి వీపును 1000 మీద చదునుగా పెట్టి రెండు మూడుసార్లు లాగితే రేకు వాలు వైపుకు మళ్ళుతుంది.

మిగిలిన రేకును తోలు మీద తీయాలి. 18 మి.మీ. ఎండీఎఫ్ ముక్క మీద గట్టి తోలు అతికించి, స్టీలు పాలిష్ చేసేవాళ్ళు వాడే ఆకుపచ్చ సబ్బు రుద్దుకుంటే అదే పట్టీ. ఒక్కో వైపు 15 లాగుళ్ళు, వెనక్కే లాగాలి. మెత్తటి సోఫా తోలు వాడితే బ్లేడు దిగబడి, తోలు మొన చుట్టూ ఉబికి పదును గుండ్రబడుతుంది. బెల్టు తోలు నయం. పదునైందా లేదా అన్నది చేతి వెంట్రుకల మీద చూసుకోవడం మన అలవాటు. అంతకంటే ప్యాకింగ్ పైన్ చెక్క అడ్డకోత నమ్మకమైనది. పదునున్న ఉలి ఆ కోతను మైనంలా మెరిసేలా తీస్తుంది. మొద్దు ఉలి మెత్తని నారను నలిపి పొడి రాలుస్తుంది.

ఇప్పుడు కురచ బ్లేడ్లు. స్పోక్‌షేవ్ బ్లేడును 38 మి.మీ. బయటకు పెడితే దవడలకు ఆనేది కొంచెమే, ఎంత బిగించినా ఊగుతుంది. గైడ్ లేకుండా వేళ్ళతో పట్టుకుందామంటే అదీ కష్టమే, దానికి కారణం ఉంది. 2 మి.మీ. మందం బ్లేడుకు 25 డిగ్రీల వాలు వెడల్పు 5 మి.మీ. లోపే. 4 మి.మీ. ఉలికి అది తొమ్మిదిన్నర. ఉలి వాలు రాయి మీద తనంతట తాను నిలబడుతుంది, స్పోక్‌షేవ్ వాలు నిలబడదు, వేళ్ళ కింద దొర్లుతుంది. అందుకే దానికి పొడుగు పిడి కావాలి.

టేకు లేదా మద్ది ముక్క 200 మి.మీ. పొడవు, 50 వెడల్పు, 20 మందం తీసుకోండి. ఒక చివర మందం సరిగ్గా నడుమ 60 మి.మీ. లోతు రంపపు కోత వేయండి. హ్యాక్‌సా ఫ్రేములో రెండు బ్లేడ్లు పక్కపక్కన బిగిస్తే ఒకే కోతలో బ్లేడు మందానికి దగ్గరగా గాడి వస్తుంది, తక్కువైతే మడిచిన ఎమెరీ పేపర్‌తో రుద్దుకోవచ్చు. చివర నుంచి 40 మి.మీ. దగ్గర పై నుంచి కిందకు బెజ్జం వేసి 6 మి.మీ. బోల్టు, చెవుల నట్టు తొడగండి. బ్లేడును కోతలోకి 25 మి.మీ. దూర్చి నట్టు తిప్పితే చెక్క దవడల్లా మూసుకుని పట్టుకుంటుంది. బోల్టు ఇంకా చివరకు వేస్తే బ్లేడుకు అడ్డొస్తుంది, కోత ఇంకా పొట్టిగా ఉంటే చెక్క వంగదు. ముందుకూ వెనక్కీ కాకుండా అంచు వెంబడి పక్కలకు రుద్దండి. పక్క రుద్దుడులో వాలు దొర్లదు. చివరి పది మాత్రం లాగుళ్ళు.

స్పోక్‌షేవ్, రందా బ్లేడ్ల వీపుకు ఒక దగ్గరదారి ఉంది. అర మి.మీ. మందం స్టీల్ స్కేలును డైమండ్ పలక దూరపు అంచున పడుకోబెట్టి, వీపును దాని మీద ఆనించి మొన మాత్రం పలకకు తగిలేలా లాగితే సన్నని పట్టీ ఒకటి మెరిసి రేకు పోతుంది. ఉలికీ రౌటర్ ప్లేన్ బ్లేడుకూ ఈ పద్ధతి పనికిరాదు. వాటి వీపే కొలత ఆధారం, అది చదునుగానే ఉండాలి.

రౌటర్ ప్లేన్ బ్లేడు పాదంలా వంగి ఉంటుంది కనుక పలకను బల్ల అంచుకు తెచ్చి, కాడ కిందకు వేలాడేలా పెట్టి పాదం అడుగు రుద్దుకోవాలి. వాలు వైపుకు పలకనే చేతిలోకి తీసుకుని బ్లేడు మీద నడిపించడం సుఖం. గీత కత్తికి ఒక వైపే వాలు, 20 నుంచి 25 డిగ్రీలు చాలు. చెక్కుడు కత్తికి రెండు వైపులా చెరో 10, మొత్తం 20. పొనికి లాంటి మెత్తని చెక్కకు ఆ కోణం బాగా నడుస్తుంది, టేకులో పెడితే మొన విరుగుతుంది. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఎలాంటి అంచునైనా త్వరగా మొద్దుబారుస్తుంది. టేకు, తుమ్మ మీద మొన చిట్లుతుంటే 30కి బదులు 32, 33 పెట్టండి. అప్పుడూ చిట్లుతుంటే, లేదా వంగుతుంటే, స్టీలు మీద అనుమానం రావాలి. మొనకు దగ్గర్లో పక్క మీద ఆకురాయి వేసి చూడండి. జారితే గట్టిపడిన ఉక్కు, కొరికితే మెత్తది. మెత్తదానికి ఏ గైడూ పదును నిలపలేదు.

"ఇదంతా ఎందుకు, సాన పట్టేవాళ్ళకిస్తే పోలా?" అనేవాళ్ళుంటారు. కూరగాయల కత్తికి, కత్తెరకు ఇవ్వండి, నిక్షేపంగా చేస్తారు. రందా బ్లేడుకు, ఉలికి మాత్రం వద్దు. పొడి చక్రం మీద పలచని మొన క్షణాల్లో వేడెక్కుతుంది. ఉక్కు మీద నీలి రంగు వచ్చిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీల సెంటీగ్రేడ్ తాకినట్టు, పాతకాలం రకం కార్బన్ ఉక్కు పట్టు అక్కడ పోయినట్టే. ఆ నీలం ఉన్నంత మేర మళ్ళీ గీకి తీసేయాల్సిందే. మొన బాగా విరిగి 2, 3 మి.మీ. తగ్గించాల్సి వస్తే గ్రైండర్ తప్పదు. అప్పుడు బ్లేడు నీళ్ళలో ముంచుతూ, వేళ్ళకు వేడి తగలకముందే తీస్తూ చేయించుకోవాలి. మూలలు ముందు కాలతాయి, కన్ను అక్కడే ఉంచాలి.

నూనె రాయే ఉన్నవాళ్ళు కొబ్బరి నూనె, పల్లీ నూనె పోయకండి. పల్లీ నూనె జిగురుగా మారి రాతి కన్నాలు మూస్తుంది. కొబ్బరి నూనె డిసెంబరు ఉదయాల్లో రాయి మీదే గడ్డకడుతుంది. కుట్టుమిషన్ నూనె పలచగా వాడండి. డైమండ్ పలక, వాటర్ పేపర్ వాడేవాళ్ళకు మన బోరు నీళ్ళతో తంటా. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్ళు ఆరాక బ్లేడు మీద తెల్లమచ్చ, దాని కింద గోధుమ రంగు తుప్పు. వానాకాలంలో రాత్రికి రాత్రే వస్తుంది. పని కాగానే పొడిగుడ్డతో తుడిచి, మిషన్ నూనె తడిపిన గుడ్డతో మళ్ళీ ఒకసారి తుడవాలి. గైడ్ స్క్రూ, ఇరుసు కూడా మరవొద్దు, ఇనుపవి అవే.

కొనడానికి వెళ్ళేటప్పుడు ఆదివారం వద్దు, చాలా షాపులు మూసే ఉంటాయి. మీ అరంగుళం ఉలినీ, రందా బ్లేడునూ గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్ళండి. షాపులోనే రెండు మూడు గైడ్లు విప్పించి, దవడలు పూర్తిగా మూసి వాటి మధ్య వెలుగు చూడండి. మూసిన దవడలు పైన కలిసి కింద విడితే, లేదా ముందు కలిసి వెనక విడితే అది పక్కన పెట్టేయండి, ఆకురాయితో బాగయ్యే లోపం కాదు. చక్రాన్ని వేలితో తిప్పితే పక్కలకు ఊగకూడదు. ఉలి గాడిలో దిగి నిలిచిందంటే బిల్లు కొట్టించుకోవచ్చు.